మేడ మీద అత్తమ్మ

తమ్మిలేరు నీళ్ళు మా గడప దాటిన పొద్దున్నే మా అత్తగారు మేడ మెట్లెక్కారు. మొదటి మెట్టు మీద కాలు పెట్టినప్పుడు కింద గదిలో చాప తేలుతోంది. ఆఖరి మెట్టు మీద కూలబడేసరికి బియ్యం డబ్బా తేలుతోంది.

ముందు నుంచి మా ఆయన నవీద్ చెయ్యిచ్చి లాగారు. వెనక నుంచి నేను భుజం ఆనించి నెట్టాను. మూడేళ్ళు నిండని మా సబీహాని పక్కింటి ఆండాళ్ళు గారు గోడ మీంచి అందుకుని వాళ్ళ మేడ మీదికి తీసుకుపోయారు. మా మెట్లు ఇంటికి బయటి వైపు ఉంటాయి. ఒక మనిషి పట్టేంత వెడల్పు, మధ్యలో ఒక మలుపు. ఒక పక్క గోడ, రెండో పక్క ఏమీ లేదు. ఏలూరులో మా పేటంతటికీ మా అత్తగారు సైదాబీ అంటే తెలుసు. ఆ మెట్ల మీద ఆవిడ నిలబడితే వెనకున్న నాకు ఆకాశం కనపడలేదు.

"ఇంకొక్కటి అత్తమ్మా. ఒక్క మెట్టే."

"ఇందాకట్నుంచీ ఒక్కటే అంటున్నావు. లెక్కలు రాకే కదే నిన్ను తొమ్మిదిలోనే బడి మానిపించారు!"

ఆయాసంలో కూడా దెప్పడం మానలేదు ఆవిడ. నాకు నవ్వు రాలేదు. నా అరచేతుల కింద ఆవిడ వీపు కొలిమి తిత్తిలాగా లేచి పడుతోంది.

రెండ్రోజులకి నీళ్ళు లాగేశాయి. బురద ఎత్తిపోసి, గోడలు కడిగి, మా ఆయన పైకొచ్చి అడిగారు.

"అమ్మీ, కింద ఆరింది. దిగుదామా?"

"మోకాళ్ళు చూడు ఎలా పొంగాయో. తేమ పోనీరా, దిగుతాను."

ఈలోగా రోడ్లు బాగుపడ్డాయి, లోడు పిలుపొచ్చింది. కొల్లేరు చెరువుల చేపల్ని ఐసు వేసిన ట్రేల్లో కలకత్తా తోలే లారీకి ఆయన డ్రైవరు. వెళ్తే వారం పైమాటే. ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయాక పైన మేం ముగ్గురం మిగిలాం.

నా భయం ఆ మధ్యాహ్నమే మొదలైంది. పిల్లేమో దిగిపోతుందని, అత్తగారేమో దిగలేరని. మెట్లకి పైన ఒక చెక్కపలక అడ్డం పెట్టి చున్నీతో కట్టేశాను. పిల్లకి అది చాలు. రెండో భయానికి అడ్డం పెట్టడానికి ఇంట్లో ఏమీ దొరకలేదు.

మా మామగారు తివాచీలు నేసేవారు. ఆయన పోయినప్పుడు మగ్గం మీద సగం నేసిన తివాచీ ఒకటుంటే, దాన్ని కోసి చుట్ట చుట్టి ఉంచారు. వరద రోజున బియ్యం కంటే ముందు ఆ చుట్టనే పైకి చేర్పించారు మా అత్తగారు. మంచం మీద గోడకి ఆ చుట్టని నిలబెట్టి, వీపు ఆనించి కూర్చుంటారు. నిద్ర కూడా అలాగే. కింద ఉన్నప్పుడు ఆవిడ గది వేరు, తలుపు వేసుకునేవారు. మేడ మీద ఉన్నది ఒక్కటే గది కాబట్టి నాకిప్పుడు తెలిసింది.

"కాసేపు నడుం వాల్చండి అత్తమ్మా," అంటే, "నాకిదే హాయి," అనేవారు. పోయినాయన చేత్తో నేసింది కదా, అదొక మమకారం అనుకున్నాను.

ఒకరోజు ఒళ్ళు తుడిచి దుప్పటి మార్చాలని ఆ చుట్ట తీసి, ఆవిడని మెల్లగా వెనక్కి వాల్చాను. నీళ్ళ గిన్నె పక్కన పెట్టి తిరిగి చూసేసరికి పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. నోరు తెరుచుకుని ఉంది, మాట లేదు. కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి. లేపబోతే నా బలం చాలలేదు. మంచం మీదకెక్కి, వీపు కింద నా రెండు మోకాళ్ళూ దూర్చి, గోడకి కాళ్ళు తన్నిపెట్టి నెట్టాను. ఎలా లేచారో, నేను లేపానో అల్లా లేపాడో తెలియదు. కూర్చున్నాక చాలాసేపటికి రంగు తిరిగింది.

"నవీద్‌కి చెప్పకు," అన్నారు మొట్టమొదటి మాట.

"అదేంటి అత్తమ్మా?"

"వాడు లారీ తోలాలి. స్టీరింగు ముందు కూర్చుని నా గురించి ఆలోచిస్తాడు. ఎదురుగా ఏమొస్తోందో చూసుకోడు. చెప్పకు."

చెప్పలేదు. కానీ ఆ తర్వాత నాకు నిద్ర నిద్రగా లేదు. పిల్లని పక్కలో వేసుకుని, ఆవిడ ఛాతీలోంచి వచ్చే గుడగుడ శబ్దం వింటూ ఉండేదాన్ని. ఎక్కువైతే భయం. తగ్గితే ఇంకా భయం. గుండుగొలనులో ఉన్న మా అమ్మకి ఫోన్ చేస్తే, "పెద్దాళ్ళకి అలాగే ఉంటుందిలేమ్మా, నువ్వు తిన్నావా?" అంది.

వినాయక చవితి పందిళ్ళు వేస్తున్న రోజుల్లో ఆవిడ పడ్డారు. పడ్డారు అనడం కంటే జారారు అనాలి. నవారు వదులై, మంచం నడుమ గుంట పడింది. లేవబోతూ మంచానికీ గోడకీ మధ్య నేల మీదికి జారిపోయారు. నేను పిట్టగోడ దగ్గరకి పరిగెత్తి కేకేశాను. ఎదురుగా మెకానిక్ షెడ్డులో కుర్రాళ్ళు నలుగురు వచ్చారు. మంచివాళ్ళే. చేతులు గ్రీజుతో ఉన్నాయని చొక్కాలకి తుడుచుకుని మరీ వచ్చారు.

ఇద్దరు చంకల కింద చేతులు వేశారు. ఒకడు చెయ్యి పట్టుకున్నాడు. "ఒకటి, రెండు..." అన్నారెవరో. రెండుకే ఒకడు లాగాడు, మూడుకి ఇంకొకడు లాగాడు, చెయ్యి పట్టుకున్నవాడు ఎప్పుడు లాగాడో తెలియదు. కుడి భుజంలో టక్కుమని చప్పుడు. మా అత్తగారు అరిచిన అరుపుకి సబీహా గుక్కపట్టింది. కుర్రాళ్ళు భయపడి వదిలేశారు.

"జేసీబీ తేవాలండీ," అని మెట్ల దగ్గర ఒకడు మెల్లగా అన్నాడు. మెల్లగానే అన్నాడు. ఆవిడకి వినపడింది.

ఆండాళ్ళు గారు పక్కమేడ మీంచి చూసి నూట ఎనిమిదికి ఫోన్ చేశారు. బండి వచ్చింది. బండిలో వైద్యం చూసే అతను సన్నగా, చొక్కా జేబులో కళ్ళజోడుతో ఉన్నాడు. పేరు ఎలీయాజరు, కొల్లేరు లంకల్లో ఊరు. వెనకే ఇంకొకతను ఆక్సిజన్ సంచీ మోసుకొచ్చాడు.

"ఇతను మా పైలట్ సుబ్బరాజండీ," అన్నాడు ఎలీయాజరు. ఆ బండి తోలేవాళ్ళని అలాగే అంటారట.

నేల మీద ఆ స్థితిలో కూడా మా అత్తగారు తల తిప్పి చూశారు. "పైలటా? మరి విమానం ఎక్కడ పెట్టావు నాయనా?"

"మీ వీధి సన్నమండీ, రెక్కలు పట్టలేదు," అన్నాడు సుబ్బరాజు.

ఎలీయాజరు ఆవిడని వెంటనే ముట్టుకోలేదు. పక్కన గొంతుక్కూర్చుని అడిగాడు. "ఎంత బరువుంటారమ్మగారూ?"

"తొంభై."

"నాతో అబద్ధం చెప్పినా పర్లేదండీ. నా నడుం నమ్మదు."

ఆవిడ నవ్వారు. నవ్వుతుంటే భుజం కలుక్కుమని ఏడ్చారు.

చేతికి కట్టు కట్టి మెడకి వేలాడేశాడు. తర్వాత ఆవిడని కూర్చున్నట్టే ఒక పక్కకి ఒరిగేలా చేసి కింద దుప్పటి దూర్చి, రెండో పక్క నుంచి లాగాడు. మా ఇంట్లో పరుపులన్నీ అడిగి తెప్పించాడు. దుప్పటి నాలుగు మూలలూ నేనూ, ఆండాళ్ళు గారూ, వాళ్ళిద్దరూ పట్టుకున్నాం. "మూడు అన్నాక కాదండీ. మూడు అన్నప్పుడు. ముందు ఒకసారి ఉత్తినే అనుకుందాం," అని మా చేత వట్టి మాటగా అనిపించాడు. నేల మీంచి ఒక పరుపు మీదికి, దాని మీంచి రెండు పరుపుల మీదికి, అక్కణ్ణుంచి మంచం మీదికి. ఎవరూ ఆవిడని చంకల కింద పట్టుకోలేదు.

"ఎక్స్‌రే తీయించాలండీ. ఇంకో బండి మనుషుల్ని పిలిపించి దించుతాం," అన్నాడు.

మా అత్తగారు కొంగు ముఖం మీదికి లాక్కున్నారు. "వద్దు బాబూ. మా మగాళ్ళు నన్ను మోసేది ఒక్క రోజే. ఆ రోజు నాకు సిగ్గుండదు. అప్పటిదాకా ఎవరూ నన్ను ఎత్తడానికి లేదు."

ఎలీయాజరు బతిమాలాడు. ఆండాళ్ళు గారు బతిమాలారు. ఆవిడ గోడ వైపు తిరిగిపోయారు. స్పృహలో ఉన్న మనిషి వద్దంటే బలవంతంగా ఎత్తకూడదని చెప్పి, అతను మెట్ల దగ్గరకొచ్చాడు. మలుపు దగ్గర కూర్చుని రెండు చేతులూ చాపి గోడకీ ఖాళీ అంచుకీ ఎంత దూరమో చూసుకున్నాడు. నేను చెక్కపలక ఇవతల నిలబడ్డాను.

"బరువుకి భయం లేదమ్మా," అన్నాడు నా వైపు చూడకుండానే. "వరదల్లో లంకల నుంచి ఎంతోమందిని పడవెక్కించాం. ఎవరికి వాళ్ళు లాగితేనే భయం. ఈవిణ్ణి దించాల్సిన రోజు వస్తుంది. ఆ రోజుకి ఎనిమిది మంది మనుషులు, చిరగని బరకం ఒకటి ఉండాలి. మెట్ల మీద ఏ అడ్డూ ఉండకూడదు. ఫోన్ చేసినప్పుడు బరువు దాచొద్దు. నిజం చెబితే రెండు బళ్ళు పంపుతారు."

అతను మామూలుగానే చెప్పాడు. కానీ 'వస్తుంది' అన్న మాట నాలో దిగబడిపోయింది. వాళ్ళు వెళ్ళగానే మెట్ల మీదున్న పూలకుండీలూ, బకెట్టూ, పాత సైకిలు టైరూ అన్నీ కిందకి చేరేశాను.

మా ఆయన వచ్చాక లారీ మీద కప్పే పాత బరకం ఒకటి ఇమ్మని అడిగాను.

"దేనికి?"

"అత్తమ్మని దించడానికండీ."

"మా అమ్మ ఏమన్నా లోడనుకున్నావా?" ఆయన ముఖం ఎర్రబడింది. అంతకు ముందెప్పుడూ నా మీద గొంతు లేపలేదు.

లోపలి నుంచి అత్తగారి గొంతు వినపడింది. "ఇవ్వరా, అడుగుతోంది కదా! ఐసు కూడా పొయ్యండి. కలకత్తాలో మంచి రేటొస్తుంది."

ఆయన నవ్వేశారు, నేనూ నవ్వాను, బరకం వచ్చింది. దాన్ని ఉతికి ఆరేసి మంచం కింద మడత పెట్టాను. ఆ సాయంత్రం మంచం కింద నుంచి చేపల నీచు వాసన రావడం లేదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

భుజం మెల్లగా కుదురుకుంది. మిగతాదే కుదురుకోలేదు. పాదాలకి నీరు పట్టింది. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయేది. సబీహాకి అదొక ఆట. నానమ్మ కాలు నొక్కి గుంటలు పెట్టి లెక్కపెట్టేది. మాత్రలిచ్చే డాక్టరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నారు. "దిగగలిగితే వెళ్తాగా," అనేవారు ఆవిడ. దసరా దాటింది. మళ్ళీ వాన పట్టింది. తమ్మిలేరు నిండుగా పోతోందని వీధిలో అనుకుంటుంటే నేను కిందకి చూసేదాన్ని కాదు. ఆవిడ ఛాతీ వైపే చూసేదాన్ని.

అది శుక్రవారం. మా ఆయన ముందురోజే లోడు దించి వచ్చి నిద్రపోతున్నారు. మధ్యాహ్నం అన్నం ముద్ద నోటికి అందిస్తే మా అత్తగారు తల అడ్డంగా తిప్పారు. మాట రాలేదు. గుడగుడ శబ్దం గొంతు దాకా వచ్చింది. నుదుటి మీద చెమట, చేతులు చల్లన. నేను మా ఆయన్ని లేపుతూనే రెండో చేత్తో ఫోన్ నొక్కాను.

"పేషెంటు బరువు ఎంతుండొచ్చమ్మా?" అనడిగింది ఫోన్లో అమ్మాయి.

"నూట యాభై పైనండి," అన్నాను గట్టిగా. "మేడ మీదున్నారండి. మెట్లు సన్నమండి."

అంత ఆయాసంలోనూ మా అత్తగారు నన్ను చూసిన చూపు నేను మరచిపోలేదు. నేను ఆవిడ కొంగు సరిచేసి, చూపు తప్పించుకుని, మంచం కింద నుంచి బరకం లాగాను.

రెండు బళ్ళొచ్చాయి. ఎలీయాజరే వచ్చాడు. వేలికి క్లిప్పు పెట్టి, అందులో కనిపించిన అంకె చూసి, వెంటనే ఆక్సిజన్ మాస్కు తగిలించాడు. "ఇప్పుడు వద్దంటారా అమ్మగారూ?" అనడిగాడు. ఆవిడ కళ్ళు మూసుకుని, చెయ్యి కొంచెం ఎత్తి, దింపేశారు. సరేనన్నట్టే.

అప్పుడే జుమా నమాజు అయింది. మా ఆయన ఫోన్ చేస్తే వాళ్ళ బాబాయి లాల్ బాషా గారు మసీదు దగ్గర నుంచి మనుషుల్ని వెంటబెట్టుకొచ్చారు. వాళ్ళ వెనక నలుగురు మోసుకొస్తున్నది చూసి తలుపు వారకి జరిగాను. జనాజా మంచం. పోయినవాళ్ళని మోసే ఇనుప మంచం. నాలుగు వైపులా పిడులు, ఆకుపచ్చ రంగు.

"ఇదేంటి బాబాయ్?" అన్నారు మా ఆయన.

"గట్టిది. ఎంతటి మనిషినైనా మోస్తుంది. మోయడం మనవాళ్ళకి అలవాటు." లాల్ బాషా గారు నా చేతిలో బరకం చూశారు. నాతో కాదు, మా ఆయనతోనే అన్నారు. "వదిన పెద్ద మనిషి. పట్టాలో చుట్టి ఈడుస్తారా? శవాన్ని ఈడ్చినట్టు? మర్యాదగా పడుకోబెట్టి దించుదాం. పైన దుప్పటి కప్పితే పరదా కూడా ఉంటుంది."

ఎలీయాజరు ఆ మంచం దగ్గరకెళ్ళి పిడులు పట్టి ఊపి చూశాడు. "బలంగానే ఉందండీ," అన్నాడు. "మలుపులో కొంచెం ఎత్తి పట్టుకుంటే..." క్లిప్పులో అంకె చూశాడు. మళ్ళీ చూశాడు. అతనికీ తొందరగానే ఉంది. తల ఎత్తి అందరినీ కలిపి అడిగాడు. "ఈవిడ మామూలుగా ఎలా పడుకుంటారండీ?"

"మామూలుగానే," అన్నారు మా ఆయన. "మంచం మీదే."

నేను తలుపు వెనక ఉన్నాను. గదిలోనూ మెట్ల మీదా ఉన్నవాళ్ళంతా మామగారి వరసవాళ్ళు. లాల్ బాషా గారితో నేను అప్పటిదాకా ఒక్క మాటా నేరుగా మాట్లాడలేదు. నవీద్‌కి చెప్పకు అన్న మాట ఒకటుంది. వాళ్ళు మంచం గదిలోకి తేవడానికి వంగారు.

"పడుకోరండి."

"ఏంటమ్మా?" ఎలీయాజరు తిరిగాడు.

"అత్తమ్మ పడుకోరండి. కూర్చునే నిద్రపోతారు. ఒకసారి పడుకోబెట్టానండి. నల్లబడిపోయారు."

మా ఆయన నా వైపు చూశారు. తర్వాత వాళ్ళమ్మ వైపు చూశారు. ఆ చుట్ట వైపు చూశారు.

"అయితే ఆ మంచం వద్దండీ," అన్నాడు ఎలీయాజరు. "బరకం ఇటివ్వండమ్మా. ఆ తివాచీ చుట్ట కూడా."

బరకం రెండు మడతలు వేసి, దుప్పటితో ఆవిడని దాని మీదికి జార్చాం. వీపు వెనక తివాచీ చుట్ట నిలబెట్టి, నా చున్నీలతో ఆవిడ నడుముకి కట్టాం. తల మీంచి ఆండాళ్ళు గారు తన పట్టుచీర ఒకటి కప్పి గడ్డం కింద ముడి వేశారు. మడి బీరువాలోది. నేను చెక్కపలక కట్టు విప్పబోతే ముడి రాలేదు, పళ్ళతో కొరికి తెంపాను.

నలుగురు పైన బరకం అంచులు చేతులకి చుట్టుకుని పట్టుకున్నారు. ఇద్దరు కింద మెట్ల మీద ఆవిడ పాదాల వైపు. ఇద్దరు మలుపు దగ్గర గోడకి ఆనుకుని. ఖాళీ అంచు వైపు ఎవర్నీ నిలబడనివ్వలేదు ఎలీయాజరు. తను ఆవిడ వెనకే మెట్టు మీద కూర్చుని, తివాచీకి మోకాళ్ళు ఆనించాడు. "మూడు అన్నప్పుడు ఒక్క మెట్టు. ఒక్కటే. తర్వాత ఆగాలి. కాళ్ళు ముందు."

"ఒకటి. రెండు. మూడు."

బరువు వాళ్ళ చేతుల్లోకి వచ్చింది. అంతే. పైనున్నవాళ్ళలో ఎవరో ఒకరు, అలవాటుగా, కలిమా అందుకున్నారు. భుజం మీదికి బరువు వస్తే నోటికి ఆ మాటే వస్తుంది వాళ్ళకి. ఎన్ని జనాజాలు మోశారో! పక్కనున్నవాళ్ళు కూడా కలిపారు. మెట్ల మీదంతా ఆ మాట పరుచుకుంది. ఆవిడ పాదాలు ముందుకి, తల మీద కప్పిన చీర, చుట్టూ మగాళ్ళు, ఆ మాట.

మా అత్తగారు కళ్ళు తెరిచారు. మూతికున్న మాస్కు చేత్తో పక్కకి లాగారు.

"ఒరేయ్..." అన్నారు. ఊపిరి తీసుకున్నారు. "ఇప్పుడు కాదు."

గొంతులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. కింద మెట్టు మీదున్నాయన నవ్వాపుకోలేక బరకంలో ముఖం దాచుకున్నాడు. లాల్ బాషా గారు "తౌబా, తౌబా" అని చెంపలు వాయించుకున్నారు. ఎలీయాజరు మాస్కు మళ్ళీ సరిచేసి, "ఒకటి," అన్నాడు.

మలుపు దగ్గర బరకం అంచు గోడ మేకుకి తగులుకుంది. ఎవరో లాగబోయారు. "లాగొద్దు! ఆగండి!" అంది ఒక గొంతు. నాదే. నేనే పక్కగా ఒదిగి దిగి మేకు నుంచి అంచు విడిపించాను. ఖాళీ అంచు నా మడమ వెనకే ఉంది. ఆవిడ ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. కళ్ళు నా మీదే ఉన్నాయి, ఆ రోజులాగే. పెదవులు మాత్రం ఆ రోజు రంగులో లేవు. ఆ ఒక్కటీ చూసుకుని పక్కకి తప్పుకున్నాను. తర్వాత ఎన్ని మెట్లు మిగిలాయో, ఎంతసేపు పట్టిందో తెలియదు. బండి స్ట్రెచర్‌ని నేలకి దించేసి ఉంచి, తలవైపు నిటారుగా లేపి, బరకంతో సహా దాని మీదికి జార్చారు. సబీహా ఆండాళ్ళు గారి మేడ మీంచి చెయ్యి ఊపుతోంది, నానమ్మ ఊరెళ్తోందని.

బండిలో నేనెక్కాను. మా ఆయన బైకు మీద వెనకే వచ్చారు.

అంతటితో అయిపోతుందనుకున్నాను. ఆసుపత్రి గుమ్మం దగ్గర చక్రాల మంచం తెచ్చినవాళ్ళు తలవైపు కిందకి దించబోయారు. "పడుకోరండి, కూర్చునే ఉంచాలండి," అన్నాను. గుండె ఫోటో తీసే గదిలో ఇంకొకావిడ, "అమ్మా, కాస్త వెనక్కి వాలండి," అంది. మళ్ళీ చెప్పాను. వార్డులో డ్యూటీ మారగానే కొత్త సిస్టరు వచ్చి మంచం పిడి తిప్పబోయింది. అప్పటికి నేను లేచి నిలబడే ఉన్నాను. ఒక్కొక్క చోట ఒక్కొక్క మంచి మనిషి, అందరూ పడుకోబెట్టాలనే చూస్తారు. రోగం వచ్చిన మనిషికి పడక సుఖం అని ఎవరికైనా అనిపిస్తుంది కదా. నేను కళ్ళు మూస్తే ఎవరో ఒకరు ఆ పిడి తిప్పేస్తారని కళ్ళు మూయలేదు. మా ఆయన టీ తెచ్చి నా చేతిలో పెట్టి, "నువ్వు కాసేపు బయట కూర్చో. నేను చెప్తాలే, పడుకోదని," అన్నారు. అన్నారు గానీ నా కళ్ళల్లోకి చూడలేదు. నేను బయటికి వెళ్ళలేదు.

గుండె చుట్టూ, ఊపిరితిత్తుల్లోనూ నీరు చేరిందన్నారు. సూదిమందులతో నీరు లాగించారు. పాదాల గుంటలు నెమ్మదిగా పూడాయి. చలి మొదలయ్యాక ఇంటికి పంపారు. ఎలీయాజరు మళ్ళీ మాకు కనపడలేదు. కానీ మా ఆయన ఆ మెట్లకి ఇనుప రెయిలింగు పెట్టించారు. మేడ గది తాళం వేసేశాం. అత్తగారి మంచం ఇప్పుడు కింద ముందుగదిలో, వీధి తలుపుకి ఎదురుగా ఉంటుంది. మంచం కింద బరకం ఉంటుంది. దాని గురించి ఎవరూ ఏమీ అనరు. లాల్ బాషా గారు గుమ్మంలోకి వచ్చినప్పుడల్లా, "కోడలా, వదిన ఎలా ఉంది?" అని నన్నే అడుగుతారు.

గోడ మీద తమ్మిలేరు వదిలిన గీత ఇంకా ఉంది. సున్నం వేసినా పోలేదు. మంచం మీద కూర్చున్న ఆవిడ భుజానికి సరిగ్గా సమానంగా ఉంటుంది. మళ్ళీ వానాకాలం వస్తే ఈవిడ ఎటు వెళ్ళాలో నాకు తెలియదు. ఆ గీత వైపు చూడకుండా పని చేసుకోవడం నేర్చుకుంటున్నాను.

మొన్నొక మధ్యాహ్నం ఆవిడకి తల దువ్వుతున్నాను. సబీహా నానమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, గుంటలు పడటం లేదని అలిగి ఉంది.

"ఒసే మెహర్," అన్నారు.

"ఆఁ, అత్తమ్మా."

"ఆ రోజొచ్చినప్పుడు లాల్ బాషా మంచం తెస్తాడు. అప్పుడు మాత్రం నన్ను పడుకోబెట్టనియ్యి. నువ్వు తలుపు వెనక నుంచి అడ్డం రాకు. ఆ రోజు నువ్వేం మాట్లాడకు."

అని తన మాటకి తనే నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఆయాసంలోకి దిగింది. దువ్వెన పట్టుకుని, అది సర్దుకునేదాకా ఆగాను.

సరే అనలేదు. వెనక్కి చెయ్యి పోనిచ్చి, జారిన తివాచీ చుట్టని కొంచెం పైకి జరిపాను.